సెకనుకా, గంటకా

చెంచయ్య కాలవలో నీటి ఎత్తు చూపే గేజి రాయికి రంగు దిద్దుతున్నాడు. ఒకటి, రెండు, మూడు అంకెలు అయ్యాయి. నాలుగు దగ్గర కుంచె ఆపి కాలవ ఎగువకు చూశాడు. ఏమీ లేదు. ఎండిన అడుగు, నెర్రెలు, అక్కడక్కడా తుంగ. కుంచె డబ్బాలో ముంచాడు. అంకె పూర్తి కాకముందే మళ్లీ తలెత్తి చూశాడు.

కాయితం ప్రకారం నీళ్లు సాయంత్రం నాలుగింటికి రావాలి. ఇప్పుడు ఎనిమిదిన్నర. తీరిగ్గా చేసుకోవలసిన ఈ పనిని అతను ఎనిమిది కాకముందే మొదలుపెట్టాడు. ఎందుకు మొదలుపెట్టావని అడగడానికి అక్కడ మనుషులెవరూ లేరు. ఉంటే ఏదో ఒక అబద్ధం చెప్పి ఉండేవాడు.

అతనికి యాభై ఏడేళ్లు. ఖాకీ లాగు, చేతుల బనీను, తలకు తుండు. కుడి చెవి మీద పెన్సిలు ముక్క. మోకాళ్ల కింద పిక్కలు గట్టిపడి తాళ్లు పేనినట్టుంటాయి. వీపు కొంచెం ముందుకు వంగింది. మాట్లాడేటప్పుడు అవతలివాళ్ల ముఖం చూడడు, కాళ్లు చూస్తాడు. బూట్లయితే ఒక రకంగా నిలబడతాడు, చెప్పులయితే ఒక రకంగా నిలబడతాడు.

వినుకొండ దిగువన మెట్ట భూముల మీదుగా పొదిలి వైపు పోయే బ్రాంచి కాలవ అది. నీళ్లు వదిలే తల దగ్గర సున్నా కిలోమీటరు. చెంచయ్య గేజి పన్నెండో కిలోమీటరు దగ్గర. అతను అక్కడ లష్కరు. కాలవ తవ్వేటప్పుడు భార్య అంకమ్మతో కలిసి మట్టి మోయడానికి వచ్చాడు. తవ్వడం అయిపోయాక మిగతావాళ్లు వెళ్లిపోయారు. ఐదో తరగతి చదివాడని అతన్ని ఉంచుకున్నారు. పంతొమ్మిదేళ్లయింది. రోజూ ఆరు కిలోమీటర్ల గట్టు నడిచి వెళ్లి, నడిచి వస్తాడు. ఎలుక బొక్కలు పూడుస్తాడు. పొద్దునా సాయంత్రం గేజి మీద నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో చూసి పుస్తకంలో రాస్తాడు. నీళ్లు వదిలిన మొదటి రోజున మాత్రం అరగంటకోసారి రాయాలి. ఆ రోజు గేజి వదిలి కదలకూడదు.

ఏడేళ్ల కిందట అలాంటి రోజునే పొదిలి పక్క ఊళ్లో అతని తల్లి పోయింది. కబురు విని పరిగెత్తాడు. పుస్తకంలో రెండు రీడింగులు ఖాళీగా ఉండిపోయాయి. మూడు నెలలు సస్పెండు చేశారు. మళ్లీ తీసుకున్నారు గానీ ఆ రెండు ఖాళీ గళ్లు అతని కళ్లముందు నుంచి పోలేదు. జీపు చప్పుడు వింటే లేచి నిలబడతాడు. ఇంగ్లీషులో కాయితం వస్తే అందులో తన పేరుందేమోనని ముందు పేరు వెతుకుతాడు.

నిన్న సాయంత్రం వచ్చిన కాయితంలో తన పేరు లేదు. అయినా రాత్రంతా నిద్ర లేదు.

దాన్ని తెచ్చింది వర్క్ ఇన్‌స్పెక్టరు వెంకటనారాయణ. ముప్పై లోపు కుర్రాడు. రోడ్ల సెక్షన్ నుంచి మారి వచ్చి నెల కాలేదు. మోటారు సైకిలు దిగకుండానే కాయితం చదివాడు. రేపు ఉదయం ఆరింటికి నీటి విడుదల. వేగం ఒకటి పాయింటు రెండు. కింద అతను స్వయంగా వేసిన లెక్క ఉంది.

"పన్నెండుని ఒకటి పాయింటు రెండు పెట్టి భాగిస్తే సరిగ్గా పది. చుక్క మిగల్లేదు చూశావా? పది గంటలు. ఆరింటికి వదిలితే నీ దగ్గరికి సాయంత్రం నాలుగింటికి. అప్పటికి గేజి అంకెలు కొత్తగా దిద్ది ఉండాలి."

చెంచయ్య బూట్ల వైపు చూస్తూ, "అయ్యా, ఆ ఒకటి పాయింటు రెండు సెకనుకా, గంటకా?" అన్నాడు.

వెంకటనారాయణ నవ్వాడు. "స్పీడంటే గంటకే కదయ్యా. లారీ సెకనుకి ఇంత పోతుందని ఎవరన్నా చెప్తారా?"

"చెప్పరండి."

"మరి?"

"ఏం లేదండి."

మోటారు సైకిలు దిగువకు వెళ్లిపోయింది. ఇరవై రెండో కిలోమీటరు దగ్గర సైఫన్ ఉంది. వాగు అడ్డం వచ్చిన చోట కాలవ నేలలోకి దిగి, వాగు కింద రెండు కాంక్రీటు గొట్టాల గుండా పోయి, అవతల పైకి లేస్తుంది. ఒక్కో గొట్టం డెబ్భై మీటర్లు, మనిషి నిలువెత్తు. ఎండాకాలమంతా అందులో ఒండ్రు తీయిస్తున్నారు. ఇంకా కొంచెం మిగిలింది. సైఫన్ దగ్గర మేస్త్రీ గౌస్ బాషాకు కూడా ఇలాంటి కాయితమే అందింది. ఇరవై రెండుని ఒకటి పాయింటు రెండుతో భాగించి, నీళ్లు అక్కడికి అర్ధరాత్రి దాటి ఇరవై నిమిషాలకు వస్తాయని, సాయంత్రం ఆరింటిదాకా పని చేసుకోవచ్చని అందులో రాసి ఉంది.

ఆ గొట్టాల్లో ఒండ్రు మోసే పద్నాలుగు మందిలో అంకమ్మ ఒకతె.

వేగం సంగతి చెంచయ్యకు నేర్పింది లక్ష్మీనరసింహం గారు. పదేళ్ల కిందట ఈ సెక్షన్‌కి ఇంజనీరు. ఇప్పుడు రిటైరై గుంటూరులో ఉన్నాడు. గట్టు మీద ముప్పై మీటర్ల దూరంలో రెండు రాళ్లు పాతించి, పై రాయి దగ్గర మొక్కజొన్న బెండు నీళ్లలోకి విసిరేవాడు. అది కింది రాయి చేరేసరికి ఎన్ని సెకన్లో చెంచయ్య లెక్కపెట్టాలి. ఇరవై అయిదు సెకన్లయితే సెకనుకు ఒకటి పాయింటు రెండు మీటర్లు.

"సెకనుకి మీటర్లు అనేది కాలవ వాళ్ల మాట," అనేవాడాయన. "రైతు వచ్చి నీళ్లెప్పుడొస్తాయి లష్కరూ అని అడిగితే సెకన్లలో చెప్తావా? గంటకి కిలోమీటర్లు కట్టుకో. పద్దెనిమిదితో హెచ్చించు, అయిదుతో భాగించు."

పద్దెనిమిదితో హెచ్చించడం చెంచయ్యకు నోటికి రాలేదు. సొంతంగా ఒక దారి వెతుక్కున్నాడు. వచ్చిన అంకెను మూడు రెట్లు చేసి, దానికి ఆ అంకెలో సగం కలిపి, పదో వంతు కలుపుతాడు. ఒకటి పాయింటు రెండుకు మూడు రెట్లు మూడు పాయింటు ఆరు. సగం, సున్నా పాయింటు ఆరు. పదో వంతు, సున్నా పాయింటు ఒకటి రెండు. అన్నీ కలిపితే నాలుగు పాయింటు మూడు రెండు. ఆయన రెండుసార్లు సరిచూసి, "ఇదెవరు చెప్పార్రా నీకు?" అన్నాడు. ఎవరూ చెప్పలేదంటే నమ్మలేదు. ఒకరోజు సరదాకి చెంచయ్య నడకను కూడా ఆ రెండు రాళ్ల మధ్యే కొలిచాడు. ఇరవై సెకన్లు. సెకనుకి ఒకటిన్నర మీటర్లు. "నువ్వు గంటకి అయిదు పాయింటు నాలుగు కిలోమీటర్లు. నీళ్లకంటే నువ్వే జోరురా చెంచయ్యా," అన్నాడు.

నిన్న రాత్రి మంచం మీద పడుకుని ఆ లెక్క వేసుకున్నాడు. గంటకి నాలుగు పాయింటు మూడు రెండు. పన్నెండు కిలోమీటర్లకు రెండు గంటల నలభై ఏడు నిమిషాలు. అంటే తన గేజి దగ్గరికి ఎనిమిదీ నలభై ఏడుకి. సైఫన్ దగ్గరికి పదకొండు దాటి అయిదు నిమిషాలకు.

కానీ కాయితం మీద ఇన్‌స్పెక్టరు సంతకం ఉంది. పై ఆఫీసు వాళ్లు ఈసారి గంటకనే చెప్పారేమో. రోడ్ల వాళ్లూ కాలవ వాళ్లూ ఒకే లెక్కకు వచ్చారేమో. తను చెప్పి పని ఆపించాక నీళ్లు అర్ధరాత్రే వస్తే? లష్కరు కాయితం తప్పన్నాడట, పద్నాలుగు మంది పని చెడగొట్టాడట. ఎదురుగా నిలబెట్టి అడుగుతారు. అలా అనుకుంటూనే తెల్లవారింది.

అయిదింటికి కాంట్రాక్టరు ట్రాక్టరు వచ్చి గట్టు మీద ఆగింది. అంకమ్మ కొంగు బిగించి, అన్నం మూట తీసుకుని బయలుదేరింది.

"అంకమ్మా," అన్నాడు.

"ఏంది?"

ట్రాక్టరు మీద ఆడవాళ్లు చూస్తున్నారు. డ్రైవరు హారను కొట్టాడు.

"ఏం లేదు. పో."

"పొద్దున్నే పిల్చి ఏం లేదంటావేందయ్యా," అంటూ ఎక్కి కూర్చుంది.

నాలుగు అంకె పూర్తయింది. చెంచయ్య అయిదుకు వంగాడు. అప్పుడు ఎగువన కొంగలు లేచాయి. ముందు నాలుగు, వెనక గుంపు. లేచినవి దూరం పోకుండా కాలవ మీదే తిరుగుతూ వాలుతున్నాయి, మళ్లీ లేస్తున్నాయి. వాటి కింద కాలవ అడుగున నల్లటి గీత ఒకటి కదులుతోంది. చప్పుడు ఇంకా లేదు.

చేతిలో డబ్బా జారిపోయింది. రంగు నెర్రెల్లోకి దిగింది. చెంచయ్య చేతులతో పాకుతూ గట్టెక్కాడు. గేజి గదిలోకి పోయి టైంపీసు చూశాడు. ఎనిమిదీ నలభై ఏడు.

బయటికి వచ్చేసరికి నీళ్లు గేజి రాయిని తాకాయి. ముందు నురగ, గడ్డి, తాటి కమ్మలు. వాటి ముందు ఒక ఎలుక పరిగెడుతోంది. ఎండిన నేల నీళ్లు తాగుతూ బుస్సుమంటోంది. నీళ్ల తుంపరకు, తడి ఆరని నాలుగు అంకె కరిగి నల్లటి చారగా కిందికి పోయింది.

ఎందుకైనా మంచిదని బెండు విసిరాడు. ఇరవై అయిదు సెకన్లు. ఇంకోటి విసిరాడు. ఇరవై అయిదు. కాయితం తప్పు. నిన్న సాయంత్రం నుంచి తనకు తెలుసు.

అప్పటికీ వెంటనే కదల్లేదు. గదిలోకి వెళ్లి పుస్తకం తెరిచి నీళ్లు వచ్చిన టైము రాశాడు. తొమ్మిదింటి రీడింగు రాయాలి. గేజి వదలకూడదు. ఇటు ఎవరన్నా వస్తారేమో, వాళ్ల చేత కబురు పంపొచ్చునని గట్టు మీదికి వచ్చి రెండు వైపులా చూశాడు. ఒక గేదె తప్ప ఎవరూ లేరు. లోపలికి వచ్చాడు, మళ్లీ బయటికి వచ్చాడు. తొమ్మిదయింది. రీడింగు రాశాడు. అంకె కుదురుగా రాలేదు. తుండుతో చెయ్యి తుడుచుకుని దాన్ని కొట్టేసి మళ్లీ రాశాడు. పక్క గడి ఖాళీగా కనిపించింది. తొమ్మిదిన్నరది. ఆ గడిని చూస్తూ కూర్చున్నాడు.

సైఫన్ గొట్టంలో తల వంచుకుని నడిచే అంకమ్మ ఆ గడిలో కనిపించింది.

తొమ్మిదీ అయిదుకు పుస్తకం మూసి బయలుదేరాడు. నీళ్లు దాటిపోయి పద్దెనిమిది నిమిషాలయింది.

సైకిలు తొక్కడం అతనికి రాదు. నేర్చుకునే అవసరం ఎప్పుడూ పడలేదు. కాలవ గట్టున ప్రతి రెండు వందల మీటర్లకు ఒక రాయి ఉంటుంది. సైఫన్‌కు పది కిలోమీటర్లు, యాభై రాళ్లు. రాయికీ రాయికీ నీళ్లకు నూట అరవై ఆరు సెకన్లు పడుతుంది. తనకు నూట ముప్పై మూడు. రాయికి ముప్పై మూడు సెకన్లు లాభం. పద్దెనిమిది నిమిషాలంటే వెయ్యీ ఎనభై సెకన్లు. ముప్పై మూడో రాయి దగ్గర నీళ్లను అందుకుంటాడు. మిగిలిన పదిహేడు రాళ్లకు తొమ్మిది నిమిషాలు మిగులుతాయి. తొమ్మిది నిమిషాల్లో పద్నాలుగు మందిని పైకి తీయాలి.

ఆ నడక పదేళ్ల కిందట కొలిచింది. ఆ సంగతి పదో రాయి దగ్గర తెలిసింది. నూట ముప్పై మూడు దగ్గర రావలసిన రాయి నూట నలభైకి వచ్చింది. నడకలోంచి పరుగులోకి, పరుగులోంచి నడకలోకి మారుతూ పోయాడు. పక్కన కాలవలో నీళ్లు నిండుగా పారుతున్నాయి. వాటి వైపు చూడకుండా ఉండడానికి పొలాల వైపు చూశాడు. పత్తి విత్తడానికి దున్ని పెట్టిన నల్లరేగడి. మిరప నారుమళ్లకు కట్టిన తడికెలు. నీళ్ల కోసం ఆగిన భూములు.

పదహారో రాయి దగ్గర వంతెన మీద ఇరవై మంది దాకా ఉన్నారు. కొత్త నీళ్లు వచ్చాయని ఆడవాళ్లు కాలవలో పసుపు, కుంకుమ వేస్తున్నారు. ఒకాయన కొబ్బరికాయ కొట్టి సగం చిప్ప పట్టుకుని ఎదురొచ్చాడు. ప్రేమదాసు. ఆ పక్క మూడెకరాల రైతు.

"లష్కరు గారండీ! సాయంత్రం అన్నారు, పొద్దున్నే తెచ్చి పెట్టారు. మీ చెయ్యి మంచిది. ఇదిగో, ఈ ముక్క నోట్లో వేసుకోండి."

"సైకిలుందా? ఎవరన్నా సైకిలు మీద పోతారా సైఫన్‌కి?"

"సైఫన్‌కా? సైకిలు మా తమ్ముడిదుంది గానీ తాళం వేసుకుని చేలోకి పోయాడు. నీళ్లు మళ్లించుకోవద్దూ? ఏందండీ కంగారు? కాసేపు కూర్చోండి."

వంతెన గోడకు సైకిలు ఆనించి ఉంది. వెనక చక్రానికి తాళం. చెంచయ్య వెళ్లి దాన్ని పట్టుకుని ఒకసారి లాగాడు. చక్రం తిరగలేదు. వదిలేసి నడిచాడు.

"ఏంది, పొద్దున్నే పట్టించినట్టున్నాడు లష్కరు," అన్నారెవరో. వెనక నవ్వులు వినిపించాయి. నిన్నయితే ఆ నవ్వులకు అతను వారం రోజులు కుమిలిపోయేవాడు.

ఇరవై అయిదో రాయి. ముప్పై. ఎడమ చెయ్యి భుజం దగ్గర నుంచి మొద్దుబారింది. రాత్రి ఆ చేతి మీద పడుకున్నాననుకున్నాడు. ముప్పై మూడో రాయి వచ్చింది. నీళ్ల ముందు అంచు అక్కడ లేదు. ఇంకా ముందే ఉంది. కొంగలు మాత్రం దూరంగా కనిపిస్తున్నాయి. గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. అది ఏడుపని అతనికి తెలియలేదు. లెక్క ఆగిపోతుందని భయపడి అంకెలు పైకి అనడం మొదలుపెట్టాడు. డెబ్భై ఒకటి, డెబ్భై రెండు, డెబ్భై మూడు.

ముప్పై ఎనిమిదో రాయి దగ్గర నీళ్లను దాటాడు. ఒక పాము గట్టెక్కి అతని కాళ్ల మధ్య నుంచి పోయింది. అతను ఆగలేదు. పన్నెండు రాళ్లున్నాయి. వెనక నీళ్లు ఆగకుండా వస్తున్నాయి. వాటికి ఆయాసం లేదు.

సైఫన్ దగ్గరికి వచ్చేముందే ఆయిల్ ఇంజను చప్పుడు వినిపించింది. గొట్టాల్లో ఊరే నీళ్లను తోడడానికి గట్టు మీద ఇంజను పెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంటుంది. పక్కన మనిషి మాట్లాడినా వినిపించదు. గౌస్ బాషా కాలవ అవతలి గట్టున, చేంతాడంత టేపు పట్టుకుని తీసిన ఒండ్రు కుప్పను కొలుస్తున్నాడు.

చెంచయ్య నోరు తెరిచాడు. గాలి తప్ప మాట రాలేదు. చేతులెత్తి ఊపాడు. బాషా ఒకసారి చూసి, తనూ చెయ్యి ఊపి, టేపు మీదికి వంగాడు.

గొట్టాల్లోకి దిగే మెట్ల దగ్గర ఎవరూ లేరు. లోపల లాంతరు వెలుగు చిన్నగా కదులుతోంది. కిందికి దిగి ఒక్కొక్కరినీ పిలిచే టైము లేదు. ఊపిరీ లేదు.

పంతొమ్మిదేళ్లలో చెంచయ్య తనది కాని పనిముట్టు ముట్టుకోలేదు. ఇంజను దగ్గరికి పోయి దాని నెత్తిన ఉన్న లివరు పైకెత్తాడు. రెండుసార్లు దగ్గి ఇంజను ఆగిపోయింది.

ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైంది. బాషా తల ఎత్తాడు.

"ఎవడ్రా అది ఇంజను ఆపింది? ఏరా చెంచయ్యా! నీకేమన్నా పిచ్చా?" టేపు పారేసి, కాలవ అడుగున పడి ఇవతలికి పరిగెత్తుకొచ్చాడు. "ఊట నీళ్లు లేస్తాయిరా లోపల!"

ఇంజను ఆగితే లోపలి వాళ్లు పైకి రావాలి. అది ఆ పనిలో కట్టుబాటు. మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. ఒకరి వెనక ఒకరు మోకాళ్ల దాకా ఒండ్రుతో పైకి వస్తున్నారు.

"నీళ్లు," అన్నాడు చెంచయ్య.

"ఏం నీళ్లు?"

"వచ్చేస్తున్నయ్. వెనకే."

"అర్ధరాత్రి దాటాక కదరా! కాయితం ఉంది నా దగ్గర. సంతకం కూడా ఉంది."

"కాయితం తప్పు."

బాషా అతని వైపు వింతగా చూశాడు. "ఇన్‌స్పెక్టరు గారి కంటే నీకెక్కువ తెలుసా?"

"తెలుసు," అన్నాడు చెంచయ్య. ఆ మాట అంటూ బాషా కళ్లలోకి చూశాడు. "సెకనుకి. గంటక్కాదు. సెకనుకి."

బాషాకు అందులో ఏమీ అర్థం కాలేదు. కానీ చెంచయ్య ముఖం చూశాడు. బనీను ఒంటికి అతుక్కుని పిండితే కారేలా ఉంది. పెదవులు నల్లబడ్డాయి. ఎగువకు చూశాడు. కొంగల గుంపు కాలవ మీద తిరుగుతూ ఇటే వస్తోంది. బాషా మెట్ల వైపు తిరిగి అరిచాడు.

"తట్టలు వదిలేసి రండే! అన్నీ వదిలేసి రండి! పరిగెత్తండి!"

ముందు పైకి వచ్చిన కోటిరత్నం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. వయసులో చిన్నది, నోరు పెద్దది. "చెంచయ్య మావా! సాయంత్రం దాకా అత్తని చూడకుండా ఉండలేకపోయావా? పది కిలోమీటర్లు నడిచొచ్చావే!"

ఒకరిద్దరు నవ్వారు. చెంచయ్య నవ్వలేదు. వేలు చూపిస్తూ లెక్కపెడుతున్నాడు. తొమ్మిది. పది. పన్నెండు. పదమూడు.

"ఇంకొకరు," అన్నాడు.

"అత్త రెండో గొట్టంలో ఆ చివర ఉంది. తట్ట నింపుకుని వస్తానంది," అంది కోటిరత్నం. అనేసరికి నవ్వు ఆగిపోయింది.

చెంచయ్య మెట్లు దిగాడు. పద్దెనిమిది మెట్లు. గొట్టం మూతి దగ్గర వంగి "అంకమ్మా" అన్నాడు. ఈసారి మాట వచ్చింది. గొట్టం దాన్ని అవతలి చివరిదాకా తీసుకుపోయి మళ్లీ తెచ్చింది. లోపల చీకట్లో లాంతరు ఊగుతూ వస్తోంది. పరుగు కాదు. మామూలు నడక.

"ఎవరూ? నువ్వా?" అంది లోపల్నుంచి. "గేజి ఒదిలి వచ్చావా? ఇయాళ నీళ్లొచ్చే రోజు కదా! మళ్లీ సస్పెండు చేస్తారయ్యా!"

"తట్ట పారేయ్."

"నిండు తట్ట. పైన పోసి..."

"పారేయవే!"

ముప్పై ఏళ్లలో అతను ఆమె మీద అరవడం అదే మొదలు. తట్ట కింద పడిన చప్పుడు వచ్చింది. తర్వాత పరుగు. వెలుతురులోకి రాగానే ఆమె చెయ్యి పట్టుకుని మెట్ల మీదికి తోశాడు. తొమ్మిదో మెట్టు మీద ఉండగా ఎగువన చప్పుడు వినిపించింది. బాషా పై నుంచి వంగి అంకమ్మ రెక్క పట్టి లాగాడు. ఆమె చెంచయ్య చెయ్యి వదల్లేదు. ముగ్గురూ గట్టు మీద పడ్డారు.

నురగ, గడ్డి, కమ్మలు వచ్చాయి. సైఫన్ మూతి దగ్గర కాలవ ఒక్కసారిగా కిందికి దిగుతుంది. నీళ్లు అక్కడ ఆగలేదు, ఒరగలేదు, నేరుగా లోపలికి దూకాయి. రెండు గొట్టాలూ పెద్దగా గుటకలు వేశాయి. లోపలి గాలి అవతలి చివర నుంచి బుడగలుగా తన్నుకొచ్చింది. మెట్లు ఒక్కొక్కటే మునిగాయి. పద్దెనిమిదింటిలో పదకొండు మునిగాక ఆగింది.

పద్నాలుగు మంది గట్టు అంచున వరసగా నిలబడి చూశారు. కోటిరత్నం కూర్చుని మోకాళ్ల మధ్య ముఖం పెట్టుకుంది. బాషా చేతి గడియారం చూశాడు. పదకొండు దాటి ఆరు నిమిషాలు. జేబులోంచి కాయితం తీసి, మడత విప్పి చదివాడు. మళ్లీ చదివాడు. ఒక లారీ నిండా మనుషుల్ని చావుకు రాసిచ్చినట్టుందిరా అని గొణిగి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

చెంచయ్య మెట్ల పక్క పిట్టగోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. కాళ్లు ముందుకు చాపాడు. పిక్కలు వాటంతటవే ఎగురుతున్నాయి. అంకమ్మ పక్కన చతికిలబడి తుండుతో అతని ముఖం తుడిచింది.

"నీకు రాత్రే తెలుసా?" అంది నెమ్మదిగా.

అతను తల ఊపాడు.

"పొద్దున పిల్చింది అందుకేనా?"

మళ్లీ తల ఊపాడు. ఆమె తుండు పిండి మళ్లీ తుడిచింది. చెంచయ్య ఆమె వైపు కాక కాలవ ఎగువకు చూస్తున్నాడు.

"తొమ్మిదిన్నరది, పదిది, పదిన్నరది, పదకొండుది," అన్నాడు. "నాలుగు రీడింగులు పోయినయ్. ఆ మాటు రెండే."

"పోతే పోనీ."

"రాస్తారు నా మీద."

"రాయనీ. నేనొచ్చి చెప్తా. ఈ పద్నాలుగు మందిమీ వచ్చి చెప్తాం. నోరెండిపోయింది నీకు, ఉండు."

ఆమె లేచి చెట్టు కింద కుండ దగ్గరికి వెళ్లింది. బాషా మిగతావాళ్లకు ఇంజను గొట్టం లాగమని చెప్తున్నాడు. గొట్టం సగం మునిగి బరువెక్కింది. అందరూ తాడు పట్టుకుని అటు తిరిగారు. చెంచయ్య తల కొంచెం పక్కకు వాలింది. చెవి మీది పెన్సిలు ముక్క జారి ఒళ్లో పడింది. దాన్ని తీసుకోవడానికి అతని చెయ్యి కదల్లేదు.

అంకమ్మ సత్తు గ్లాసు నిండా నీళ్లు ముంచుకుని, ఒలక్కుండా అరచెయ్యి మూతపెట్టి తెచ్చింది. "ఇదుగో," అంది. "ఇదుగో, పట్టుకో." కాసేపు అలాగే నిలబడింది. వంగి అతని ముఖం చూసింది. గ్లాసును పిట్టగోడ మీద పెట్టి, అతని పక్కన కూర్చుని, వాలిన తలను తన భుజానికి ఆనించుకుంది. ఎవరినీ పిలవలేదు.

మధ్యాహ్నానికి ట్రాక్టరు వచ్చింది. బాషా, మరో ముగ్గురు అతన్ని ఎత్తి అందులో పడుకోబెట్టారు. ఆడవాళ్లు ఎక్కారు. అంకమ్మ తల దగ్గర కూర్చుంది. ట్రాక్టరు గట్టు వెంట పోయి మలుపు తిరిగింది.

పిట్టగోడ మీద గ్లాసు అలాగే ఉండిపోయింది. కింద గొట్టాల్లో నీళ్లు పోతున్న అదురుకు, నిండుగా ఉన్న ఆ గ్లాసులో నీళ్లు అంచు దాకా వచ్చి, ఒలక్కుండా వణుకుతున్నాయి.